హైదరాబాద్‌లో టైటానియం లేజర్ ప్రింటింగ్ సర్వీస్: డబ్బు కట్టి చేయించుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, నా రేటింగ్ ఐదుకి నాలుగు. మెటల్ త్రీడీ ప్రింటింగ్ గురించి తెలుగులో వెతికితే రాకెట్లు, విమానాలు, భవిష్యత్తు అంటూ పెద్ద పెద్ద మాటలు దొరుకుతాయి గానీ, చిన్న కంపెనీ పెట్టుకుని సొంత డబ్బుతో ఒక టైటానియం పార్ట్ చేయించుకోవాలనుకునేవాళ్లు ఎవరిని ఏం అడగాలో, బిల్లు ఎక్కడ పెరుగుతుందో చెప్పేవాళ్లు నాకు కనపడలేదు. అందుకే కొంచెం పొడుగైనా అన్నీ రాస్తున్నాను. ఈ పనిలో మెషిన్ ఎంత ఖరీదైనది అన్నదానికి అందరూ ఇచ్చేంత విలువ నేను ఇవ్వను. పౌడర్‌ని ఎలా చూసుకుంటున్నారు, ప్రింట్ అయ్యాక ఏం చేస్తున్నారు, మీ డ్రాయింగ్ చూసి "ఇది ఇలా వద్దండీ" అని చెప్పగలిగే మనిషి అక్కడ ఉన్నాడా, వీటిని బట్టే ఆ సర్వీస్ మంచిదో కాదో తేలుతుంది.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల దగ్గర డిఫెన్స్ జాబులు కూడా నడుస్తుంటాయి, ఎక్కడా పేరు పెట్టొద్దని ముందే అడిగారు, నేను సరేనన్నాను. నగరం శివార్లలో ఉన్న చిన్న యూనిట్. 250 మి.మీ. చదరం ప్లేటు, 400 వాట్ల లేజర్ ఒకటి ఉన్న మెషిన్‌ని టైటానియానికే కేటాయించారు. ఈ "కేటాయించారు" అన్నది చాలా ముఖ్యం. ఒకే మెషిన్‌లో ఈ వారం స్టీలు, వచ్చే వారం టైటానియం వేసేవాళ్లుంటారు. మూలల్లో, ఫిల్టర్లలో, పైపుల్లో చిక్కుకున్న పాత పౌడర్ రేణువులు టైటానియంలో కలిస్తే ఆ చోట పగులుకి దారి దొరికినట్టే, బయటనుంచి చూస్తే అసలు తెలియదు. ఫోన్‌లో మొదటి ప్రశ్నగా ఇదే అడిగాను, "వేరే మెటల్ ఇందులో ఎప్పుడూ వెయ్యలేదండీ" అని సూటిగా జవాబొచ్చింది, వెళ్లి చూసినప్పుడు జల్లెడ, వాక్యూమ్, గ్లవ్స్ కూడా టైటానియానికి వేరుగా పెట్టుకున్నారు.

మా పార్ట్ ఏమిటంటే, పెట్రోల్ ఇంజిన్‌తో నడిచే ఒక డ్రోన్‌కి ఇంజిన్ మౌంట్. పక్కనే ఎగ్జాస్ట్ పోతుంది కాబట్టి అల్యూమినియం కుదరదు, 7075 లాంటి గట్టి అల్యూమినియం మిశ్రమాలు కూడా 150 డిగ్రీలు దాటితే బలం గబగబా తగ్గిపోతాయి. స్టీలు పెడితే బరువు. టైటానియం 64 అని అందరూ పిలిచే మిశ్రమం, అంటే ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం కలిపినది, ఘన సెంటీమీటరుకి 4.43 గ్రాములే తూగుతుంది, స్టీలు 7.85. పైగా ఆ వేడిలో నిలబడుతుంది. ఇంతకు ముందు దీన్ని బాలానగర్‌లో బిల్లెట్ (గట్టి మెటల్ దిమ్మ) నుంచి వీఎంసీ అనే కంప్యూటర్ మిల్లింగ్ మెషిన్ మీద నాలుగు ముక్కలుగా కోయించి బోల్టులతో బిగించేవాళ్లం. అక్కడి అన్న పని చాలా శ్రద్ధగా చేస్తాడు, ఆయన మీద నాకు ఒక్క మాట కూడా లేదు. కానీ టైటానియం వేడిని లాక్కోదు, అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత ఇరవయ్యో వంతు దగ్గర ఉంటుంది, దాంతో వేడంతా టూల్ మొన దగ్గరే ఆగిపోయి టూల్ తినేస్తుంది. "అన్నా, ఈ లోపలి మూల ఇంకా సన్నగా తియ్యగలమా" అని అడిగితే "తీస్తా తమ్ముడూ, కానీ ఆ టూల్ ఖర్చు విన్నాక నువ్వే వద్దంటావ్" అన్నాడు. కొన్న బిల్లెట్‌లో ఎనభై శాతానికి పైగా చిప్స్‌గానే పోయేది, ఆ చిప్స్‌కి స్క్రాప్ రేటు తప్ప ఏమీ రాదు.

కొత్త డిజైన్‌లో మౌంట్, సైలెన్సర్‌ని పట్టుకునే చెయ్యి, సిలిండర్ మీదకి గాలి తోలే చిన్న డక్ట్, ఈ మూడూ కలిపి ఒకే ముక్క చేశాం. ఇలాంటి ఆకారం ఏ టూలూ లోపలికి వెళ్లి కోయలేదు, కాబట్టి ప్రింటింగ్ తప్ప దారి లేదు. పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు: మందపాటి టైటానియం ప్లేటు మీద సన్నటి పొరగా పౌడర్ పరుస్తారు, లేజర్ మన పార్ట్ ఆ ఎత్తులో ఎక్కడ ఉందో అక్కడే కరిగిస్తుంది, ప్లేటు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, మళ్లీ పౌడర్, మళ్లీ లేజర్. మా జాబులో పొర 30 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జర్మనీలోని ఆఖెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ 1990ల మధ్యలో చేసిన పనితో ఈ దారి గట్టిపడింది, ఇప్పుడు ఇది చేతి గడియారం దాకా వచ్చేసింది. 2025లో వచ్చిన యాపిల్ వాచ్ అల్ట్రా 3 కేసు ఇలాగే రీసైకిల్ చేసిన టైటానియం పౌడర్‌తో, ఒక్కో మెషిన్‌లో ఆరు లేజర్లతో ప్రింట్ అయినదే.

ఇక సర్వీస్ దగ్గరికి వస్తాను. నాకు బాగా నచ్చిన భాగం కోట్ ఇచ్చే ముందు జరిగిన సంభాషణ. ఫైల్ పంపగానే రేటు పంపించేవాళ్లని చూశాను, వీళ్లు పంపలేదు. అప్లికేషన్ ఇంజినీర్ ఒకరు ఫోన్ చేసి, ఏ ముఖాలు వేరే పార్టులకి ఆనుకుంటాయి, లోడ్ ఎటు నుంచి వస్తుంది, వైబ్రేషన్ ఎంత, టాలరెన్స్, అంటే కొలతలో కచ్చితత్వం, నిజంగా ఎక్కడ కావాలి, ఎక్కడ అలవాటుగా రాసేశారు అని ఒక్కొక్కటే అడిగారు. తర్వాత మా డిజైన్‌లో మార్పులు చెప్పారు. డక్ట్ గుండ్రంగా ఉంటే దాని పైకప్పు కింద ఆధారం లేక వేలాడుతుంది, లోపల సపోర్టులు పెడితే తీయడానికి చెయ్యి దూరదు, కాబట్టి నీటిబొట్టు ఆకారంలో పైన కొస ఉండేలా మార్చమన్నారు. అడ్డంగా వేలాడే భాగాలు 45 డిగ్రీల కంటే చదునుగా ఉండకుండా చూడమన్నారు. "ఎం6 బోల్టు హోల్స్ ప్రింట్‌లో పూర్తి సైజు వద్దు సార్, చిన్నగా వదిలేద్దాం, తర్వాత డ్రిల్ చేసి ట్యాప్ వేసుకుంటే దారం శుభ్రంగా వస్తుంది" అన్నారు. ఆనుకునే ముఖాలకి దాదాపు ఒక మి.మీ. అదనపు మెటీరియల్ వదలమన్నారు. ఇంకో మంచి సలహా, మెషినింగ్ కోసం పట్టుకోవడానికి మూడు చిన్న చదును దిమ్మెలు పార్ట్‌లోనే పెట్టమన్నారు, ఎందుకంటే ఇలాంటి వంకర ఆకారాన్ని వైస్‌లో బిగించలేం, రిఫరెన్స్ ఎక్కడినుంచి తీసుకోవాలో కూడా తెలియదు. ఆ దిమ్మెలు లేకపోతే మా బాలానగర్ అన్న కొత్తగా ఫిక్స్చర్ చేసుకోవాల్సి వచ్చేది, ఆ ఖర్చు మాకే పడేది.

రేటు ఎలా వేస్తారన్నది కూడా దాచకుండా వివరించారు, ఇది అందరికీ ఉపయోగపడుతుంది కాబట్టి లెక్కతో సహా రాస్తున్నాను. నిలబెట్టి ప్రింట్ చేస్తే మా పార్ట్ ఎత్తు 118 మి.మీ., అంటే 30 మైక్రాన్ల లెక్కన దాదాపు 3,930 పొరలు. ఒక్కో పొరకి పౌడర్ పరచడానికి పది సెకన్లు అనుకున్నా, లేజర్ వెలగకుండానే దాదాపు పదకొండు గంటలు పోతాయి. లేజర్ పని చూస్తే, టైటానియానికి వాడుకలో ఉన్న సెట్టింగుల్లో 280 వాట్లు, సెకనుకి 1200 మి.మీ. వేగం, గీతకీ గీతకీ మధ్య 0.14 మి.మీ. అనుకుంటే, కాగితం మీద గంటకి 18 ఘన సెంటీమీటర్లు కరుగుతుంది. మా పార్ట్ 60 ఘన సెంటీమీటర్ల పైచిలుకు, అంచులూ సపోర్టులూ కలిపితే ఐదారు గంటలు. అంటే ఒక్క పార్ట్ ప్రింట్ చేయిస్తే మెషిన్ ఎక్కువ సేపు పౌడర్ పరుస్తూనే ఉంటుంది. అదే నాలుగు పార్టులు ఒకే ప్లేటు మీద పెడితే ఆ పదకొండు గంటల్ని నాలుగూ పంచుకుంటాయి, ఒక్కోదానికి పడే మెషిన్ టైమ్ దాదాపు సగానికి వస్తుంది. కాబట్టి ఒక్క పీస్ రేటు చూసి "అమ్మో" అని వెనక్కి వెళ్లకండి, ప్లేటు నిండితే ఎంత అని కూడా అడగండి. పడుకోబెడితే ఎత్తు తగ్గి చవకవుతుంది కదా అని మేమూ అడిగాం, కానీ అప్పుడు డక్ట్ కింద సపోర్టులు పెరుగుతాయి, ఒక్కో పొరలో కరిగే వైశాల్యం పెరిగి వంకరపోయే ప్రమాదం ఎక్కువవుతుంది అని చెప్పి, కొంచెం వాల్చి నిలబెట్టడమే మంచిదన్నారు. ఎక్కువ బిల్లు కోసం అలా చెప్పారనుకునేవాళ్లుంటారు, కానీ కారణం లెక్కతో చూపించారు కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

పౌడర్ గురించి. లేజర్ మెషిన్లకి వాడే రేణువులు మామూలుగా 15 నుంచి 45 మైక్రాన్లు, గుండ్రంగా ఉండాలి, లేకపోతే సమంగా పరుచుకోదు. కరగకుండా మిగిలిన పౌడర్‌ని జల్లించి మళ్లీ వాడతారు, ఇందులో తప్పేమీ లేదు, అంత ఖరీదైన పౌడర్‌ని పారబోయలేరు. అయితే వాడిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది. టైటానియంలో ఆక్సిజన్ పెరిగితే గట్టిదనం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది, వైబ్రేషన్ ఉన్నచోట అది ప్రాణం మీదకి తెస్తుంది. మామూలు టైటానియం 64ని గ్రేడ్ 5 అంటారు, దానికి ఆక్సిజన్ 0.20 శాతం దాకా ఒప్పుకుంటారు, ఇంకా శుభ్రమైన గ్రేడ్ 23కి 0.13 శాతమే. వీళ్లు మా జాబుకి వాడింది గ్రేడ్ 23, పార్టులతో పాటు ఇచ్చిన బ్యాచ్ కార్డులో ఆక్సిజన్ 0.11 అని, ఆ పౌడర్ ఎన్నోసారి వాడుతున్నారో కూడా రాసి ఉంది. అంతకు ముందు వేరే ఊళ్లో ఇంకో సర్వీస్‌ని ఇదే ప్రశ్న అడిగితే "మంచి పౌడరే సార్, టెన్షన్ వద్దు" అన్నారు. నంబర్ అడిగినప్పుడు మాట ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. వీళ్లు వాడేది దిగుమతి పౌడర్, బిల్లులో అదో పెద్ద వాటా. మన శ్రీకాకుళం తీరంలో ఇసుకలోనే టైటానియం ఖనిజం ఇల్మెనైట్ ఉంది. దాన్నుంచి టైటానియం స్పాంజి, అంటే మిశ్రమాలకి వాడే ముడి టైటానియం, తీసే టెక్నాలజీని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ తయారుచేస్తే, దాంతోనే కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు 2011లో మొదలైంది. కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ సంస్థ మిధాని దశాబ్దాలుగా టైటానియం మిశ్రమాలు తయారుచేస్తోంది, బాలాపూర్‌లో పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ పేరులోనే పౌడర్ మెటలర్జీ ఉంది. ఇంత విద్య ఒకే నగరంలో ఉండగా, మాలాంటి చిన్న కంపెనీలు ఫోన్ చేసి కొనుక్కోగలిగేలా ప్రింటింగ్ పౌడర్ ఇక్కడే, సరైన రేటులో దొరికే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అది వస్తే ఈ సర్వీసుల రేట్లే మారిపోతాయి.

షాప్‌కి వెళ్లి చూడనిస్తారా అని తప్పకుండా అడగండి. మమ్మల్ని రమ్మన్నారు. మెషిన్ గది ముందు చెప్పులు మార్పించి, చేతికి ఎర్తింగ్ పట్టీ కట్టించి తీసుకెళ్లారు. సన్నటి టైటానియం పొడి నిప్పురవ్వకే అంటుకుంటుంది, దాని మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది, మామూలు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, మెటల్ మంటల కోసం ఉండే క్లాస్ డి ఆర్పే పొడే కావాలి. ఆ సిలిండర్లు తలుపు పక్కనే ఉన్నాయి, ఎక్స్‌పైరీ తేదీలు కూడా సరిగ్గా ఉన్నాయి. ఛాంబర్‌లో ఆర్గాన్ నింపి ఆక్సిజన్‌ని 0.1 శాతం కంటే కిందే ఉంచుతున్నట్టు స్క్రీన్ మీద చూపించారు. స్టీలు ప్రింటింగ్‌కి చవకైన నైట్రోజన్ సరిపోతుంది గానీ, వేడి టైటానియం నైట్రోజన్‌తో కూడా కలిసిపోతుంది కాబట్టి ఇక్కడ ఆర్గానే దిక్కు. ఎవరైనా "మేము నైట్రోజన్‌లోనే టైటానియం వేస్తాం, అందుకే రేటు తక్కువ" అంటే ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసే విషయం, ప్రింట్ తర్వాతి పని. లేజర్ కింద మెటల్ క్షణంలో కరిగి క్షణంలో చల్లారుతుంది, వేల పొరలు అలా అయ్యేసరికి పార్ట్ నిండా లోపలి ఒత్తిడి బిగుసుకుని ఉంటుంది. ప్లేటు దాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది. ఇందాక చెప్పిన వేరే ఊరి సర్వీస్‌లో మేం ఒక చిన్న ట్రయల్ పీస్ చేయించాం, వాళ్లు హీట్ ట్రీట్‌మెంట్ చెయ్యకుండానే ప్లేటు నుంచి కోసి పంపారు, సర్ఫేస్ ప్లేట్ (కొలతలకి వాడే చదును బల్ల) మీద పెడితే రెండు చివర్లూ లేచి ఉన్నాయి. వీళ్లు మాత్రం పార్టులు ప్లేటు మీద ఉండగానే వాక్యూమ్ ఫర్నేస్‌లో 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, పూర్తిగా చల్లారాకే వైర్‌కట్‌లో (కరెంటు తీగతో కోసే మెషిన్‌లో) వేరుచేశారు. వాక్యూమ్ ఎందుకంటే, మామూలు గాలిలో అంత వేడి చేస్తే పైన ఆక్సిజన్ తాగేసిన పెళుసు పొర తయారవుతుంది, దాన్ని మళ్లీ గీకించుకోవాలి. కోట్‌లో "హీట్ ట్రీట్‌మెంట్" అని ఒక్క మాట రాసి ఉంటే చాలదు, ప్లేటు మీద ఉండగానా, వాక్యూమా, ఆర్గానా, ఎన్ని డిగ్రీలు, ఫర్నేస్ చార్ట్ ఇస్తారా అని అడిగి రాయించుకోండి.

మాది ఇంజిన్ మౌంట్, రోజంతా వణుకుతూనే ఉంటుంది, కాబట్టి హెచ్‌ఐపీ, అంటే వేడీ ఒత్తిడీ ఒకేసారి పెట్టే పని, కూడా చేయించమని వాళ్లే సలహా ఇచ్చారు. 920 డిగ్రీల వేడి, 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు, రెండు గంటలపాటు. లోపల ఎక్కడైనా సరిగ్గా కరగక మిగిలిన చిన్న రంధ్రాలు అందులో మూసుకుపోతాయి. కానీ పైకి తెరుచుకున్న రంధ్రాలు మూసుకోవు, గరుకు ఉపరితలం నునుపు కాదు, ఫెటీగ్ పగుళ్లు, అంటే లోడ్ పదేపదే పడటం వల్ల వచ్చేవి, ఎక్కువగా మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే. ఇది వాళ్లే ముందు చెప్పారు, "హెచ్‌ఐపీ చేశాం కదా అని ఫినిషింగ్ తగ్గించుకోకండి సార్" అని. లోడ్ ఎక్కువగా పడే మలుపులన్నీ మెషినింగ్ చేయించి, మిగతాది బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సన్నటి రేణువులు కొట్టి శుభ్రం చేయడం) చేశారు. బయట చెయ్యి పెడితే సన్నటి గరుకు తెలుస్తుంది గానీ మా పనికి చాలు. డక్ట్ లోపల మాత్రం ప్రింట్ అయిన గరుకు అలాగే ఉంది, గాలి పోవడానికే కాబట్టి మాకు ఇబ్బంది లేదు, ఆయిల్ లాంటిది పోయే దారి అయితే దీని గురించి ముందే మాట్లాడుకోవాలి.

పార్టులతో పాటు అదే ప్లేటు మీద నిలువుగా ప్రింట్ చేసిన టెస్ట్ బార్లని, వాటికీ అవే హీట్ ట్రీట్‌మెంట్లు చేసి, బయటి ల్యాబ్‌లో లాగించి రిపోర్ట్ ఇచ్చారు. తెగే బలం 985 మెగాపాస్కల్, సాగడం 14 శాతం. ఈ పద్ధతిలో గ్రేడ్ 23కి ఉన్న ఏఎస్‌టీఎం ఎఫ్3001 ప్రమాణంలో కనీసం 860, పది శాతం ఉండాలి. ప్రింట్ అయి బయటికి వచ్చినప్పుడు ఈ మెటల్ బలం ఇంకా ఎక్కువే చూపిస్తుంది, 1200 దాటుతుంది, కానీ సాగే గుణం తక్కువ, పెళుసు. కొంతమంది ఆ పెద్ద నంబర్‌నే బ్రోషర్‌లో వేస్తారు. మీకు చూపించే రిపోర్ట్ హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందుదా తర్వాతదా, బార్లు నిలువుగా ప్రింట్ చేసినవా పడుకోబెట్టి చేసినవా అన్నది చూసుకోండి.

ఇక మార్కు ఎక్కడ తగ్గిందో చెప్తాను. మొదటిది, డెలివరీ. హెచ్‌ఐపీ వాళ్ల దగ్గర లేదు, బయటికి పంపుతారు, అక్కడ ఫర్నేస్ నిండేదాకా ఆపుతారు. ఆపడం నాకు అర్థమవుతుంది, ఒక్క మా నాలుగు పార్టుల కోసం ఫర్నేస్ వెలిగించరు. కానీ ఆ సంగతి కోట్‌లో లేదు, మేం ఫోన్ చేస్తే తప్ప చెప్పలేదు, చెప్పిన తేదీ రెండుసార్లు జరిగింది. మా వైపు కస్టమర్ ఉన్నాడు, మేం ఆయనకి జవాబు చెప్పుకోవాలి. ఒక మెయిల్ పెడితే సరిపోయేదానికి మాకు ఆ వారాలన్నీ టెన్షన్‌తో గడిచాయి. ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు ఈ ఒక్క దగ్గర ఎందుకు ఇలా ఉంటారో నాకు నిజంగా బాధగా ఉంది.

రెండోది ఇంకా పెద్దది. పార్టులు వచ్చి, ముఖాల మెషినింగ్ కూడా అయ్యాక ప్రతిదాన్నీ తూకం వేశాం. క్యాడ్‌లో ఘనపరిమాణాన్ని 4.43తో గుణిస్తే ఫినిష్ అయిన పార్ట్ 268 గ్రాములు ఉండాలి. మూడు దానికి ఒక గ్రాము అటూ ఇటూ వచ్చాయి, ఒకటి 273 చూపించింది. అనుమానం వచ్చి డక్ట్‌లోకి బోర్‌స్కోప్ (సన్నటి పైపు కెమెరా) పెట్టి చూస్తే, మలుపు దగ్గర కరగని పౌడర్ మిగిలిపోయి, ఆ తర్వాత ఫర్నేస్ వేడికి తడిసిన సిమెంట్ బస్తాలా గట్టిపడి అతుక్కుని ఉంది. పౌడర్‌ని హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందే పూర్తిగా దులిపేయాలి, ఒక్కసారి ఫర్నేస్‌కి వెళ్లాక ఇక తేలిగ్గా రాదు. పైగా అందులోంచి ఒక రవ్వ ఊడి ఇంజిన్ వైపు పోయినా మేం చిక్కుల్లో పడేవాళ్లం. ఫోటోలు పంపగానే వాదించకుండా ఒప్పుకున్నారు, కొత్త పార్ట్ వాళ్ల ఖర్చుతో ప్రింట్ చేసి ఇచ్చారు, అది నాలుగో మార్కు నిలబెట్టింది. కానీ పంపేముందు తూకం వేయడం, బోర్‌స్కోప్ పెట్టడం వాళ్ల చెక్‌లిస్టులో ఉండాల్సింది. మీ పార్ట్‌లో లోపలి దారులు ఉంటే తప్పకుండా తూకం వేసుకోండి, దానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

మూడోది చిన్నది. సపోర్టులు తీయడం, బ్లాస్టింగ్ కోట్‌లో కలిసే ఉన్నాయనుకున్నాం, అలాగే రాసి ఉంది కూడా, బిల్లులో మాత్రం "మాన్యువల్ ఫినిషింగ్" అని వేరే లైన్ వచ్చింది. అడిగితే తీసేశారు.

ఫలితం మాత్రం చాలా బాగుంది. పాత నాలుగు ముక్కల అసెంబ్లీ బోల్టులతో కలిపి 412 గ్రాములు ఉండేది, ఇప్పుడు 268. డ్రోన్‌లో 144 గ్రాములంటే బ్యాటరీకో కెమెరాకో వాడుకోవచ్చు. వణుకుకి బోల్టులు వదులై ప్రతి ఫ్లైట్ తర్వాత బిగించుకునే పని పోయింది, మా టీమ్‌లో కుర్రాళ్లకి అన్నిటికంటే అదే నచ్చింది. ఇన్ని పాత బోల్టుల జాయింట్లు పోవడం వల్ల డక్ట్ నుంచి గాలి లీకవడమూ లేదు. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే బుగాటి 2018లో చూపించిన బ్రేక్ క్యాలిపర్ చూడండి. 41 సెం.మీ. పొడుగు, ఇదే టైటానియం మిశ్రమం, నాలుగు లేజర్లతో 45 గంటల ప్రింటింగ్, 2,213 పొరలు, అల్యూమినియంలో 4.9 కిలోలున్నది 2.9కి దిగింది.

అందరికీ ఇది అవసరమా అంటే లేదు. చదునైన ప్లేటు, గుండ్రటి షాఫ్టు, మామూలు బ్రాకెట్ అయితే నిశ్చింతగా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వెళ్లండి, రేటూ తక్కువ, టాలరెన్సూ మెరుగు, రేపో ఎల్లుండో చేతికొస్తుంది. ప్రింట్ అయిన పార్ట్‌కి కూడా చివరికి మెషినింగ్ కావాలి, మా మౌంట్ ముఖాలన్నీ చివరికి ఆ అన్నే ఫినిష్ చేశాడు. "లోపల ఇలా ఎలా తీశారు తమ్ముడూ" అని డక్ట్‌లోకి టార్చ్ వేసి చూస్తూ ఉండిపోయాడు, కొత్త మెటల్ మీద టూల్ ఎలా నడుస్తోందో నోట్ చేసుకుని మాకే చెప్పాడు, బిల్లెట్ కంటే కొంచెం గట్టిగా తగులుతోందట, స్పీడ్ తగ్గించి కూలెంట్ పెంచాడు. ప్రింటింగ్ సర్వీస్‌ని, మీ మెషినిస్టుని మొదట్లోనే ఒకరితో ఒకరిని మాట్లాడించండి, ఎక్కడ ఎంత మెటీరియల్ వదలాలన్నది వాళ్లిద్దరూ పది నిమిషాల్లో తేల్చేస్తారు. మీరు మధ్యలో ఉండి మెయిళ్లు నడిపితే వారం పడుతుంది.

రెండో ఆర్డర్ వీళ్లకే ఇచ్చాం. ఈసారి పీవోలో (పర్చేజ్ ఆర్డర్‌లో) హెచ్‌ఐపీకి ఏ తేదీన పంపుతారు, ఏ తేదీన తిరిగొస్తుంది అన్నది విడిగా రాయించాం, ఫర్నేస్‌కి వెళ్లేముందు ప్రతి పార్ట్ తూకం, డక్ట్ బోర్‌స్కోప్ ఫోటో మాకు పంపాలని రాయించాం, పౌడర్ బ్యాచ్ కార్డూ టెస్ట్ బార్ల రిపోర్టూ లేకుండా బ్యాలెన్స్ పేమెంట్ ఉండదని కూడా. అన్నిటికీ ఒప్పుకుని సంతకం పెట్టారు. డక్ట్ మలుపు దగ్గర పౌడర్ దులపడానికి ఇంకో చిన్న రంధ్రం మా డిజైన్‌లో కలిపాం, పని అయ్యాక దాన్ని ట్యాప్ వేసి స్క్రూతో మూసేస్తాం, బరువు రెండు గ్రాములు పెరుగుతుంది.